నూలు బట్ట నమ్ముకుని మంచులోకి పోవద్దు

ముందు పెట్టె సంగతి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ఇళ్ల నుంచి ఈ రెండు మూడు వారాల్లో అమెరికా, కెనడా చదువులకు బయల్దేరే పిల్లలున్నారు. జనవరిలో అక్కడ కొత్త సెమిస్టర్ మొదలవుతుంది. చలి ముదిరేదీ అప్పుడే. ఆ పెట్టెలో నాలుగు జీన్స్ ప్యాంట్లు, అరడజను నూలు బనియన్లు, బజార్లో బేరమాడి కొన్న ఒక్క దళసరి జాకెట్టు ఉంటే దయచేసి పెట్టె మళ్లీ విప్పండి. ఇప్పుడింకా టైముంది. విమానం దిగాక ఉండదు.

రెండో మాట ఇంట్లో ఉండేవాళ్లకు. తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఈ రాత్రి నుంచే మానేయండి. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

మన మార్కాపురం వైపు వాళ్లకు చలంటే లోకువ. ఎండంటే భయం ఉంది, దాన్ని ఎదుర్కొనే తెలివీ ఉంది. అంబలి తాగుతాం, తలకు తువ్వాలు చుడతాం, పన్నెండు దాటితే పొలం నుంచి ఇంటికొస్తాం. చలి విషయంలో మాత్రం రెండు సామెతలతో సరి. సంక్రాంతి చలి సంకలెత్తనివ్వదంటాం, శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటాం. ఆ మధ్య రోజులు దుప్పటి కప్పుకుని నెట్టేస్తాం. మన గొర్రెను చూసినా తెలుస్తుంది. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, మేకలాగా వెంట్రుకే. ఈ నేలకు అంతకంటే అక్కర్లేదు మరి. వాతావరణ శాఖ లెక్క చూసినా అంతే. మైదానంలో చలిగాలులని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకు దిగువకో పడిపోవాలి, అదీ మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలైనా తగ్గి ఉండాలి. మన వైపు అలా జరగడం అరుదు. కాబట్టి మన సెల్‌ఫోన్లకు చలి హెచ్చరిక మెసేజీ రాదు. మన ఊరి పిల్లవాడు ఒక్క రోజు ప్రయాణంలో మైనస్ 20లోకి దిగిపోతాడన్నది ఆ మెసేజీలు పంపేవాళ్ల లెక్కలోకి వచ్చే సంగతీ కాదు.

ఇంటింటా ఇవాళే చేసి చూడదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. ఒక నూలు సాక్సు నీళ్లలో ముంచి, పిండి, ఎడమచేతికి తొడగండి. కుడిచేతికి పొడి సాక్సు తొడగండి. రెండు చేతులూ చాపి ఫ్యాను కింద కూర్చోండి. ఐదు నిమిషాలు గడవకముందే ఎడమచెయ్యి జివ్వుమంటుంది. గది ఒకటే, గాలీ ఒకటే. తేడా అంతా తడిది. ఇందులో మనకు తెలియని విద్యేమీ లేదు. వేసవిలో మట్టికుండ నీళ్లు చల్లబడేది ఇలాగే, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక గాలిని చల్లబరిచేదీ ఇలాగే. తడి ఆరుతూ ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. తరతరాలుగా మనం నూలు కట్టింది అందుకే. చెమటను పీల్చుకుని, పట్టి ఉంచి, మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరచడమే దాని పని. నూలు బనియనంటే ఒంటికి తొడిగిన కుండ. మే నెలలో మార్కాపురం బజార్లో అది ప్రాణాన్ని కాపాడుతుంది. మంచులో అదే కుండ అదే పని చేస్తుంది, ఒంట్లో వేడిని బయటికి తోడేస్తుంది.

మంచులో చెమటెక్కడిదని అడుగుతారు. అసలు మెలిక అక్కడే ఉంది. బరువైన కోటు వేసుకుని, వీపున బ్యాగు తగిలించుకుని బస్సు కోసం పావుగంట గబగబా నడిస్తే లోపల చెమట పడుతుంది. బస్టాపులో నిలబడగానే ఆ చెమట చల్లబడుతుంది. బనియను తడిసి ఒంటికి అతుక్కుని ఉంటుంది, పైన కోటెంత మందమైనా లోపల తడికుండ తగిలించుకున్నట్టే. జీన్స్ ఇంకా మోసం. మోకాలి దాకా మంచులో దిగబడితే ఆ బట్ట నీళ్లు తాగి బరువెక్కుతుంది, బయట గడ్డకట్టుకుపోతుంది, గదికి చేరినా పూట గడిస్తే గానీ ఆరదు.

మొన్న గిద్దలూరులో దూరపు బంధువుల ఇంటికి వెళ్తే నడింట్లో పెట్టె తెరిచి ఉంది. కుర్రాడు జనవరి మొదటివారంలో వెళ్తున్నాడు. పెట్టెలో సగం కారప్పొడి, గోంగూర పచ్చడి, కందిపొడి, ప్రెషర్ కుక్కర్. తప్పేం లేదు, అవీ బతుకే. మిగతా సగంలో జీన్స్ ప్యాంట్లు, కాలర్ చొక్కాలు. జాకెట్టు బయటికి తీసి చూశాను. బుర్రమీసం మామ ఒకాయన “దిండులా ఉంది, ఇంకేం చలి!” అని మెచ్చుకున్నాడట. నిజంగానే దిండులా ఉంది. కానీ జిప్పు వెనక గాలినాపే పట్టీ లేదు, మణికట్టు దగ్గర వదులు, టోపీ లేదు, నడుము దాటి కిందికి రాదు. కుట్లకు నోరానించి ఊదితే గాలి అవతలికి పోతోంది. “ఏం నాన్నా, దిగగానే ఎవరొస్తారు?” అంటే “సీనియర్లు వస్తామన్నారు పెదనాన్నా, రాకపోతే బస్సే” అన్నాడు. ఆ జాకెట్టు కూడా చెకిన్ లగేజీలో ఉంది. పెట్టె ఒక ఊరికి, పిల్లవాడు ఒక ఊరికి చేరడం కొత్తేమీ కాదు. ఆ రాత్రి ఒంటి మీద ఉండేదేమిటి? టీషర్టు.

ఎలా తొడుక్కోవాలో ఇప్పుడు చెబుతాను. ఒక్క మందం కాదు, మూడు పొరలు. ఒంటికి ఆనుకుని చెమటను పీల్చి పట్టి ఉంచకుండా బయటికి పంపేసే లోదుస్తులు, అంటే థర్మల్స్. మెరీనో ఉన్నివైతే మంచిది, పాలిస్టర్‌వైనా పర్వాలేదు, నూలువి మాత్రం వద్దు. కొనేటప్పుడు మెడ దగ్గరి చీటీ చదవండి. మన షాపుల్లో థర్మల్ పేరుతో అమ్మేవాటిలో నూలు కలిసినవి బోలెడు. దాని పైన గాలిని పట్టి ఉంచే పొర, ఉన్ని స్వెట్టరో ఫ్లీసో. వేడినిచ్చేది బట్ట కాదు, బట్టలో చిక్కుకున్న గాలి. అందుకే అన్నీ బిగుతుగా వేసుకుంటే ప్రయోజనం లేదు. అన్నిటికీ పైన గాలీ తడీ చొరబడని కోటు, తొడల దాకా వచ్చేది, టోపీ కుట్టి ఉన్నది. నడుస్తూ వేడెక్కితే జిప్పు కాస్త దించాలి, మధ్య పొర తీసి బ్యాగులో పెట్టాలి. చెమట పట్టకముందే తీయాలి, చలి వేయకముందే వేసుకోవాలి. ఈ రెండోది మనవాళ్లకు ఎవరూ చెప్పరు.

పెద్ద కోటు ఇక్కడే కొనాలని లేదు. మన దగ్గర దొరికేవి ఆ చలికి చాలినవి కావు, అక్కడ వాడిన బట్టల దుకాణాల్లో మంచివి చవగ్గా దొరుకుతాయి. కానీ దిగిన రోజు గడవాలి కదా. థర్మల్స్ జత, ఫ్లీసు, చెవులు మూసే ఉన్ని టోపీ, చేతి తొడుగులు, ఉన్ని సాక్సులు చేతిసంచిలో పెట్టుకోండి. ఉన్న జాకెట్టు చేతిలోనే ఉంచుకోండి. ఒక కోటు ఎయిర్‌పోర్టుకు తెమ్మని సీనియర్లను అడగడానికి మొహమాటపడొద్దు.

కాళ్ల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. చలి అనగానే ఇరుకు బూటులో రెండు జతల సాక్సులు కుక్కుతారు. వేళ్లకు రక్తం ఆడదు, ఒక జతతో ఉన్నప్పటి కంటే ముందే మొద్దుబారతాయి. ఒక్క మందపాటి ఉన్ని సాక్సు, వేళ్లు కదిలేంత ఖాళీ ఉన్న బూటు చాలు. చేతులకు ఐదువేళ్ల తొడుగు కంటే వేళ్లన్నీ ఒకే గూట్లో ఉండే తొడుగు వెచ్చన. తల సంగతి: ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట అబద్ధం, తల ఒంట్లో ఎంత భాగమో సుమారుగా అంతే పోతుంది. అయినా టోపీ తప్పదు. ముందుగా గడ్డకట్టేవి చెవితమ్మెలు, ముక్కుకొన, వేళ్లు.

ఇక గాలి. మైనస్ 20 డిగ్రీలుండి గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 33తో సమానం. కాబట్టి ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతారు, కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘ఫీల్స్ లైక్’ అంకె చూడండి. అది మైనస్ 28 దాటితే బయట పెట్టిన చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు, మైనస్ 40 దాటితే పది నిమిషాలు కూడా పట్టదు. 2019 జనవరి 30న షికాగోలో గాలి లెక్క లేకుండానే ఉష్ణోగ్రత మైనస్ 30 దాటింది. మన పిల్లలు గుంపులుగా చదివే ఊళ్లలో అదొకటి. ఫోన్ బ్యాటరీ కూడా ఆ చలికి చప్పున పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. చెత్త పారేసి వద్దామని చెప్పులతో, టీషర్టుతో బయటికి వెళ్లడం మామూలు. ఆ దేశాల్లో చాలా తలుపులు వాటంతటవే లాక్ అవుతాయి. గుమ్మం దాటితే తాళం, కోటు రెండూ ఉండాల్సిందే.

జరిగినవి చెప్పకుండా హెచ్చరిక నిలవదు. 2024 జనవరిలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 18 ఏళ్ల భారత సంతతి కుర్రాడు రాత్రి స్నేహితులతో బయటికి వెళ్లి, తెల్లారేసరికి క్యాంపస్ దగ్గరే ఒక భవనం వెనక శవమై దొరికాడు. చలికి ఒళ్లు చల్లబడిపోవడం, మద్యం మత్తు కలిసి ప్రాణం తీశాయని అధికారులు తేల్చారు. మందు తాగితే వెచ్చగా ఉంటుందనేది మన ఊళ్లలోనూ ఉన్న నమ్మకం. జరిగేది దానికి తలకిందులు. చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి పైకి వస్తుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. ఆ వచ్చిన వేడి గాలిపాలవుతుంది. గుండె దగ్గర ఉండాల్సింది బయట పారబోసుకున్నట్టు.

2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో, సెలవు రోజు సరదాగా వెళ్లిన ముగ్గురు తెలుగువాళ్లు గడ్డకట్టిన వుడ్స్ కాన్యన్ చెరువు మీద నడుస్తుండగా మంచు విరిగి నీళ్లలో పడి చనిపోయారు. వాళ్లలో ఇద్దరు గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన దంపతులు. కంభం చెరువులో ఈతలు కొట్టినవాడికి చెరువంటే భయముండదు. ఆ చెరువు వేరు. నీరు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. ఎంత గజ ఈతగాడైనా అంతే. గడ్డకట్టిన చెరువు మీద కొత్తవాళ్లు కాలు పెట్టొద్దు, ఫొటో కోసం అసలే వద్దు.

అదే ఏడాది మొదట్లో, 2022 జనవరి 19న, గుజరాత్‌లోని డింగుచా గ్రామం నుంచి వెళ్లిన కుటుంబం కెనడా, అమెరికా సరిహద్దుకు పన్నెండు మీటర్ల ఇవతల మంచులో గడ్డకట్టి దొరికింది. తల్లి, తండ్రి, పదకొండేళ్ల పాప, మూడేళ్ల బాబు. దొంగదారిన దాటించే ముఠా చెప్పినట్టు రాత్రిపూట మంచు తుపానులో నడిచారు. గాలితో కలిసి ఆ రోజు చలి మైనస్ 35. ఇలాంటి దారి చూపిస్తానని మీ ఊళ్లో ఎవడైనా ఏజెంటు కూర్చుంటే ఈ మూడేళ్ల బాబు సంగతి వాడితో చెప్పండి.

చలి లోపలికి దిగిందని ఎలా తెలుస్తుంది? వణుకు మొదటి మెట్టు, అది ఒళ్లు పోరాడుతున్న గుర్తు. ఆపైన మాట ముద్దగా వస్తుంది, నడక తడబడుతుంది, జిప్పు వేసుకోవడం చేతకాదు, ఏం చేస్తున్నాడో తెలియదు. తాగాడేమో అనుకుంటారు చూసినవాళ్లు. వణుకు ఆగిపోయిందంటే నయమైందని కాదు, ప్రమాదం ముదిరిందని. కొందరు ఆ దశలో ఒళ్లు మండుతోందని బట్టలు విప్పేస్తారు కూడా. అప్పుడు చేయాల్సినవి: గాలి తగలని చోటికి చేర్చడం, తడిబట్టలు తీసి పొడివి చుట్టడం, ముందు ఛాతీని, పొట్టను వెచ్చబరచడం, స్పృహ ఉంటే తియ్యటి వేడి పాలో టీయో పట్టడం, అంబులెన్సు పిలవడం. చేతులు కాళ్లు గట్టిగా రుద్దడం మన అలవాటు, అది కూడదు. చివర్లలోని చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే అసలుకే మోసం. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు, కాలుతున్నా ఆ వేళ్లకు తెలియదు. చంటిపిల్లల స్నానానికి పెట్టేంత గోరువెచ్చని నీళ్లలో ముంచి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కారులో మంచులో చిక్కుకున్నవాళ్లు ఇంజను వేసుకుని కూర్చునే ముందు వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోలేదని చూసుకోవాలి. 2022 క్రిస్మస్ తుపానుకు అమెరికాలోని బఫెలో ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో కార్లలో చిక్కుకుపోయినవాళ్లూ ఉన్నారు.

విదేశం దాకా ఎందుకు, కేదార్‌నాథ్ ఉంది. అక్షయ తృతీయ నాటికి మన దగ్గర రోడ్డు మీద తారు కరుగుతుంటుంది. అదే వారం మనవాళ్లు బస్సు మాట్లాడుకుని, నూలు పంచె, నూలు చీర, రబ్బరు చెప్పులతో చార్‌ధామ్ బయల్దేరతారు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు, దారిలో వాన, పైన మంచు. ఎక్కేటప్పుడు చెమట, ఆ మీద వాన, పైన గాలి. కుండకు ఇంతకంటే ఏం కావాలి? అరవై దాటిన అమ్మకు పట్టుచీర పెట్టెలో ఉండనివ్వండి, గుడి ముందు కట్టుకుంటుంది. నడకకు థర్మల్ లోదుస్తులు, ఉన్ని స్వెట్టరు, మోకాళ్లు దాటే రెయిన్‌కోటు, సాక్సులతో బూట్లు. మార్చుకోవడానికి ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ కవరులో మూటగట్టి ఉండాలి.

గిద్దలూరు, కొమరోలు వైపు సైన్యంలో చేసొచ్చినవాళ్లకు కొదవ లేదు. లడఖ్‌లోనో, సియాచిన్‌లోనో చలి చూసొచ్చిన మనిషి మీ వీధిలో ఉంటే ఒక సాయంత్రం పిల్లవాణ్ని తీసుకెళ్లి ఆయన ముందు కూర్చోబెట్టండి. యూట్యూబ్ కంటే ఆయన నయం.

ఇక మన ఇంటి చలి. 10 డిగ్రీల తెల్లవారుజామున 60 వేగంతో బండి మీద పోతే ఒంటికి తగిలేది 5 డిగ్రీలే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు, నాలుగింటికి తలస్నానం చేసి తడిజుట్టుతో బండెక్కే మాలధారులు ఇది గుర్తుంచుకోండి. దీక్ష నియమాన్ని తప్పుపట్టడం లేదు. తల తుడుచుకుని పది నిమిషాలు ఆగి, నల్ల స్వెట్టరు మీద రెయిన్‌కోటు వేసుకుంటే స్వామి ఏమీ అనడు. రెయిన్‌కోటు లేకపోతే చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా దినపత్రిక పరుచుకోండి, గాలి ఆగుతుంది. చదివేశాక ఈ పేజీనైనా వాడుకోవచ్చు. గుండెజబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఆ వేళ చన్నీళ్ల స్నానం మానాలి. చలికి రక్తనాళాలు బిగుసుకుని గుండె మీద భారం పెరుగుతుంది.

చంటిబిడ్డకు చలిదేశమే అక్కర్లేదు, మన గదిలోనే ఒళ్లు చల్లబడిపోతుంది. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తడి తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి గుండెలకు ఒళ్లు ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి పైన కప్పితే అంతకు మించిన వెచ్చదనం లేదు. పాదాలు పట్టుకుని చూడండి, చల్లగా ఉంటే జాగ్రత్త పడాలి. ముఖం మాత్రం కప్పొద్దు.

కుంపటి సంగతి చెబుతానన్నాను. బొగ్గు కాలేటప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోటును రెండు వందల రెట్లకు పైగా బలంగా ఆక్రమిస్తుంది. తలనొప్పి, మగత, నిద్ర, అంతే. పొగ రావడం లేదు కదా అని నిప్పులను గదిలోకి తెచ్చుకుంటారు. పొగలేని నిప్పే ఇక్కడ మోసగత్తె. ఆరుబయట కాచుకోండి, పడుకునే ముందు ఆర్పేయండి, పక్కమీద ఇంకో దుప్పటి వేసుకోండి. గొర్రెలకాపరులు కప్పుకునే నల్ల గొంగడి దొరికితే ఇంకేం కావాలి, అది తడిసినా వెచ్చన. వెంట్రుకలు గుచ్చుకుంటాయంటారా, గుచ్చుకోనివ్వండి.

భోగి వస్తోంది. ఇంతసేపూ నూలును తిట్టిన నేనే చెబుతున్నాను, మంట దగ్గరికి మాత్రం నూలే కట్టండి. పట్టులంగా అని పిల్లకు కొన్నది చాలాసార్లు పాలిస్టరే, నిప్పంటితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలూ అంటుకుంటుంది గానీ అలా కరగదు. వేలాడే ఓణీలు, చున్నీలు నడుముకు దోపాలి. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పారించాలి, అతుక్కున్న బట్ట పీకొద్దు, టూత్‌పేస్టు పూయొద్దు, 108కి ఫోన్ చేయండి.

గిద్దలూరు ఇంట్లో ఆ సాయంత్రం పెట్టె మళ్లీ సర్దాం. మూడు జీన్స్ బయటికి వచ్చాయి, నూలు బనియన్లు నాలుగు తగ్గాయి. థర్మల్స్, ఉన్ని సాక్సులు, టోపీ చేతిసంచిలోకి చేరాయి. తూకం వేస్తే పెట్టెలో కిలోన్నర ఖాళీ మిగిలింది. వాళ్లమ్మ మాట్లాడకుండా లోపలికెళ్లి ఇంకో కారప్పొడి పొట్లం తెచ్చి ఆ మూల ఇరికించింది.